వినే కోర్టు లేనిచోట శాసనోల్లంఘన

1922 మార్చి 18న అహ్మదాబాద్‌లో గాంధీ మీద రాజద్రోహం కేసు ఒక్క పూటలో తేలిపోయింది. శిక్షాస్మృతిలోని 124ఏ సెక్షన్ కింద మోపిన నేరాన్ని ఆయన ఒప్పుకున్నారు. చట్టం ప్రకారం ఎంత పెద్ద శిక్ష ఉంటే అంతా వేయండి, ఈ వ్యవస్థ చెడ్డదని మీకూ అనిపిస్తే పదవి వదులుకోండి అని జడ్జి బ్రూమ్‌ఫీల్డ్‌ను అడిగారు. బ్రూమ్‌ఫీల్డ్ ఆరేళ్లు వేశాడు. వేస్తూనే, ప్రభుత్వం ఎప్పుడైనా ఈ శిక్ష తగ్గిస్తే తనకన్నా సంతోషించేవాడు ఉండడన్నాడు. జనం చూస్తుండగానే జరిగిన విచారణ అది. పత్రికలు రాశాయి, ఊళ్లలో చదువుకున్నవాళ్లు చదువురానివాళ్లకు చదివి వినిపించారు. ముద్దాయి మాట జడ్జికి చేరింది, జడ్జిని దాటి దేశానికీ చేరింది.

అదే 124ఏ మయన్మార్‌లో ఇప్పటికీ ఉంది. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. విడిపోయాక కూడా 1860 నాటి శిక్షాస్మృతి అక్కడే ఉండిపోయింది, సెక్షన్ల అంకెలతో సహా. 2021 ఫిబ్రవరి 8న యాంగోన్, మాండలే నగరాల్లోని అనేక ప్రాంతాల్లో, వారం కిందటే ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసిన సైన్యం 144 సెక్షన్ విధించి, ఐదుగురికి మించి గుమికూడితే అరెస్టు చేస్తామంది. అదేమిటో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ వారంలోనే శిక్షాస్మృతిని సవరించారు. 124ఏలో ప్రభుత్వం పక్కన సైన్యాన్ని కూడా చేర్చారు. 505ఏ అని కొత్త సెక్షన్ పెట్టి, ప్రభుత్వోద్యోగుల్ని విధులకు రాకుండా ప్రేరేపించినా, 'తప్పుడు వార్తలు' ప్రచారం చేసినా మూడేళ్ల దాకా జైలు అన్నారు. ఇళ్లలో సోదాలు, నిర్బంధాల విషయంలో పౌరులకు రక్షణగా ఉన్న చట్టంలోని కీలక నిబంధనల్నీ పక్కన పెట్టేశారు.

కాబట్టి మయన్మార్‌లో 2021లో మొదలైన సహాయ నిరాకరణను గాంధీ నాటి ఉద్యమాలతో పోల్చడం సులువే, కానీ ఆ పోలిక సగం దూరమే వస్తుంది. సెక్షన్ ఒకటే అయినా కోర్టు ఒకటి కాదు. యాంగోన్ దగ్గర ఇన్‌సీన్ జైల్లో గోడల మధ్యే కోర్టులు పెట్టారు. బయటివాళ్లకు ప్రవేశం లేదు, విలేకరులకు అసలే లేదు. 2021 మార్చిలో యాంగోన్‌లోని కొన్ని పేటల్లో సైనిక చట్టం విధించాక అక్కడి కేసులు సైనిక ట్రిబ్యునళ్లకు వెళ్లాయి. మరణశిక్ష వేసే అధికారం కూడా వాటికి ఇచ్చారు. అలాంటిచోట ముద్దాయి లేచి "అవును, ఈ చట్టాన్ని ఉల్లంఘించాను, శిక్ష వేయండి" అంటే వినేదెవరు?

ఈ ప్రశ్నను తత్వవేత్తలు చాలాకాలం పక్కనపెట్టారు. 1971లో జాన్ రాల్స్ ఇచ్చిన నిర్వచనమే ఇప్పటికీ తరగతి గదుల్లో వినిపిస్తుంది. శాసనోల్లంఘన బహిరంగంగా జరగాలి, అహింసాత్మకంగా ఉండాలి, మనస్సాక్షితో చేసినది కావాలి, చట్టాన్నో విధానాన్నో మార్పించడం దాని లక్ష్యం కావాలి, ఉల్లంఘించినవాడు శిక్షకు సిద్ధపడాలి. ఇందులో లోపముందని అనడం అన్యాయం. తన లెక్క దాదాపు న్యాయంగా నడిచే సమాజానికే వర్తిస్తుందని రాల్స్ స్వయంగా చెప్పాడు. ఇబ్బందల్లా ఆ హద్దును మరిచిపోయి, అవే షరతుల్ని నియంతృత్వంలో ఉన్నవాళ్ల మీద కూడా రుద్దేవాళ్లతో. ముఖానికి మాస్కు వేసుకుని ఊరేగింపులో నడిచినవాడు పిరికివాడట, వారెంటు రాగానే సరిహద్దు దాటినవాడు సత్యాగ్రహి కాడట. ఈ తీర్పులు తరచు సురక్షితమైన దేశాల్లోంచే వస్తాయి.

బహిరంగంగా ఉండాలి, శిక్ష స్వీకరించాలి అనే షరతులు ఎందుకు పుట్టాయో చూస్తే అవి ఎక్కడ పనిచేయవో తెలుస్తుంది. ప్రజాస్వామ్యంలో ఒక చట్టాన్ని ఉల్లంఘించేవాడు మిగతా చట్టాల్ని గౌరవిస్తున్నానని రుజువు చేసుకోవాలి. ఎందుకంటే ఆ చట్టాలు తోటి పౌరుల ఓట్లతో వచ్చినవి. శిక్షకు తలవంచడం ఆ రుజువు. 2020 నవంబరు ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ నేషనల్ లీగ్ ఫర్ డెమోక్రసీ పార్లమెంటులో 396 సీట్లు గెలిచింది, సైన్యం వెనకున్న పార్టీకి వచ్చినవి 33. కొత్త పార్లమెంటు కొలువుదీరాల్సిన 2021 ఫిబ్రవరి 1న తెల్లవారకముందే ఆంగ్ సాన్ సూచీని, అధ్యక్షుడు విన్ మింట్‌ను పట్టుకెళ్లారు. ఆ తర్వాత సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లైంగ్ సంతకంతో వచ్చిన సవరణలకు విధేయత చూపాల్సిన అవసరం ఎవరికి, దేనికి? అక్కడ చట్టాన్ని ఉల్లంఘించింది మొదట సైన్యమే. ఉద్యోగానికి రానన్న గుమాస్తా నిజానికి పాత రాజ్యాంగానికే కట్టుబడి ఉన్నాడు. ఆ రాజ్యాంగాన్ని 2008లో సైన్యమే రాసుకుందన్నది వేరే కథ.

రాజ్యానికి బాకీపడ్డ షరతులు ఇలా రద్దవుతాయి. అయితే తోటి మనుషులకు బాకీపడ్డవి ఉన్నాయి. అవి రద్దు కావు సరికదా, మరింత బరువెక్కుతాయి. మయన్మార్ అనుభవంలో నిజంగా చిక్కు ప్రశ్నలన్నీ ఇక్కడే ఉన్నాయి.

మొదటి ప్రశ్న ఆస్పత్రుల్లో ఎదురైంది. సైన్యం గద్దెనెక్కిన రెండోరోజే ప్రభుత్వ వైద్యులు, నర్సులు విధులకు రాబోమని ప్రకటించారు. మూడోరోజుకల్లా దేశమంతా అనేక ఆస్పత్రుల్లో సమ్మె మొదలైంది. ఎర్ర రిబ్బన్లు పెట్టుకుని, మూడు వేళ్లెత్తి ఫొటోలు దిగారు. సీడీఎం (సివిల్ డిసొబీడియన్స్ మూవ్‌మెంట్, శాసనోల్లంఘన ఉద్యమం) అనే మూడక్షరాల పేరు అక్కడినుంచే ఇంటింటికీ పాకింది. ఉద్యమం డాక్టర్లతో మొదలవడం గమనించాలి. చేతిలో ఆగిపోతే కనిపించే పని ఉన్నవాళ్లు వాళ్లు. కానీ అది కరోనా కాలం. రైల్వే గుమాస్తా పని మానేస్తే బండి ఆగుతుంది. డాక్టరు పని మానేస్తే?

సైనిక ప్రభుత్వం ఈ ప్రశ్ననే పట్టుకుంది. సమ్మెలో ఉన్న డాక్టర్లు రోగుల్ని చంపుతున్నారని ప్రచారం చేసింది. ఏప్రిల్‌లో ప్రభుత్వ టీవీ రాత్రి వార్తల్లో, పత్రికల్లో 505ఏ కింద కావాల్సినవాళ్ల జాబితాలు రోజూ వచ్చేవి. నటులతో పాటు డాక్టర్ల పేర్లు, ఫొటోలు, సొంత ఊళ్లు. దేశంలో టీకాల కార్యక్రమం నడిపిన వైద్యాధికారిణిని జూన్‌లో అరెస్టు చేశారు. ప్రచారం చేసేవాడు బూటకమైనంత మాత్రాన ప్రశ్న బూటకం కాదు. ప్రసవానికి వచ్చిన పేదింటి ఆడమనిషికి జిల్లా ఆస్పత్రి తలుపు మూసి ఉంటే, ఆ తలుపు ఎందుకు మూసుందన్న రాజకీయం ఆమెకు ఆ క్షణంలో పనికిరాదు.

దీనికి సమ్మెలో ఉన్నవాళ్లు ఇచ్చిన జవాబు మాటల్లో కాదు, ఏర్పాట్లలో ఉంది. చాలామంది ప్రభుత్వ ఆస్పత్రి మానేశారు గానీ వైద్యం మానలేదు. ధార్మిక సంస్థల క్లినిక్‌లలో, తెలిసినవాళ్ల ఇళ్లలో, ఫోన్ల మీద ఉచితంగా చూశారు. సైన్యానికి లొంగిన శాఖకు జవాబుదారీగా ఉండం, రోగికి మాత్రం ఉంటాం అన్నది వాళ్ల గీత. ఆ గీత చెరిపేయడానికి సైన్యం చేసిన పని చూడండి. సీడీఎం డాక్టర్లను పెట్టుకున్న ప్రైవేటు ఆస్పత్రులను మూయిస్తామని బెదిరించింది. 2021 జూన్, జులైలలో డెల్టా వేవ్ వచ్చి జనం ఆక్సిజన్ సిలిండర్లు భుజాన వేసుకుని క్యూల్లో నిలబడ్డ రోజుల్లో ఆక్సిజన్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. యాంగోన్‌లో కరోనా రోగి ఉన్నాడు రమ్మని నమ్మబలికి, వచ్చిన స్వచ్ఛంద వైద్యుల్ని పట్టుకుపోయారని వార్తలొచ్చాయి.

ఇంతా చూశాక, రోగుల నష్టానికి బాధ్యత మొత్తం సైన్యం మీదికి తోసేయడం సులువు. అది పూర్తిగా నిజం కాదు. ప్రత్యామ్నాయ క్లినిక్‌లు పెద్ద నగరాల్లో ఉన్నంతగా మారుమూల పల్లెల్లో లేవు. అక్కడ ప్రభుత్వ ఆస్పత్రి తప్ప ఇంకో దిక్కు లేదు. సమ్మె న్యాయమైనదే అయినా దాని ధర అందరి మీదా సమానంగా పడలేదు. దీన్ని ఒప్పుకుంటే ఉద్యమం చిన్నబోదు. ఒప్పుకోకపోతేనే, ఉద్యమంలో ఉన్న డాక్టరుకు రాత్రిళ్లు నిద్రపట్టకపోవడానికి కారణమేమిటో బయటివాళ్లకు అర్థం కాదు. ఒకే సమ్మెలో అత్యవసర విభాగాన్ని కొనసాగించినవాళ్లు, పూర్తిగా బయటకొచ్చినవాళ్లు, కొన్నాళ్లకు తిరిగి చేరినవాళ్లు ఉన్నారు. ముగ్గురినీ ఒక్క తక్కెడలో తూచి తీర్పు చెప్పగల సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

రెండో ప్రశ్న ఇంట్లోవాళ్లది. గాంధీ జైలుకెళ్తే గాంధీయే వెళ్లారు. నియంతృత్వం శిక్షను అలా ఒకరి దగ్గర ఆపదు. యాంగోన్‌లోని మా హ్లా గోన్ రైల్వే క్వార్టర్లను 2021 మార్చి 10న పోలీసులు, సైనికులు చుట్టుముట్టారు. వందలాది రైల్వే కార్మికుల కుటుంబాలు అక్కడుండేవి. పనిలోకి వస్తారా, ఇల్లు ఖాళీ చేస్తారా అన్నది వాళ్ల ముందు పెట్టిన షరతు. మూటాముల్లె సర్దుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబాలు వీధిలోకొచ్చాయి. సమ్మె నిర్ణయం తీసుకున్నది కార్మికుడు, ఇల్లు పోయింది ముసలి తల్లికి. అదే ఏడాది జూన్‌లో మొగోక్ పట్టణంలో ఒక ఉద్యమకారుడు దొరక్కపోయేసరికి అతని భార్యను, ఐదేళ్ల కూతురును తీసుకెళ్లారు. పాపను రెండు వారాలకు పైగా నిర్బంధంలో ఉంచారు. వెతుకుతున్న మనిషి దొరక్కపోతే బంధువును పట్టుకెళ్లడం అక్కడ ఒక పద్ధతిగా మారింది.

ఇక్కడ నీతిశాస్త్రం ఒక చిక్కులో పడుతుంది. నా ప్రాణం నేను ఒడ్డవచ్చు. నా కూతురి స్వేచ్ఛను ఒడ్డే హక్కు నాకెవరిచ్చారు? అలాగని బందీల్ని పట్టుకునేవాడికి లొంగితే, బందీల్ని పట్టుకోవడమే గెలిచే పద్ధతి అవుతుంది, రేపు ఇంకో పదిమంది పిల్లలు పోతారు. నేరం పట్టుకెళ్లినవాడిదే. కానీ ఫలితం ముందే తెలిసి అడుగు వేసినవాడి భుజం మీద కూడా కొంత బరువు ఉంటుంది, నేరం కాని బరువు. కొందరు మయన్మార్ ఉద్యోగులు దీన్ని ఆచరణలో ఇలా పరిష్కరించుకున్నారు: ముందు కుటుంబాన్ని ఊరు దాటించడం, ఆ తర్వాతే సమ్మెలో చేరడం. ఇంకొందరు కుటుంబాన్ని కదిలించలేక ఉద్యోగంలోనే ఉండిపోయారు. వీళ్లను పిరికివాళ్లనడానికి ఎవరికీ అర్హత లేదు.

బహుశా ఈ బరువు వల్లే ఆ ఉద్యమం నష్టాన్ని పదిమందికి పంచే పద్ధతుల్ని వెతికింది. ఫిబ్రవరి 2 నుంచి రాత్రి ఎనిమిదింటికి ఇళ్లలో గిన్నెలు, పళ్లేలు మోగించడం మొదలైంది. దయ్యాల్ని తరిమేందుకు చేసే పాత అలవాటు అది. నగరమంతా ఒకేసారి మోగుతుంటే ఎవరింటి గిన్నెని పట్టుకెళ్తారు? మార్చిలో వీధులకు అడ్డంగా తాళ్లు కట్టి ఆడవాళ్ల తమైన్‌లు ఆరేశారు. తమైన్ అంటే మన పరికిణీలాంటి కట్టు. దాని కింద నడిస్తే మగవాడి తేజస్సు పోతుందన్న నమ్మకం అక్కడ బలంగా ఉంది. ఆయుధాలతో వచ్చిన సైనికులు వీధి మొదట్లో ఆగి, లారీ ఎక్కి ఒక్కొక్క బట్టా విప్పుకుంటూ ముందుకు రావాల్సి వచ్చింది. ఆ సందులో ఉన్నవాళ్లకు తప్పించుకోవడానికి ఆ కాసేపే చాలు. ఆడవాళ్లను తక్కువచేసే నమ్మకాన్నే కవచంగా తిప్పిన ఆ తెలివిని మెచ్చుకోకుండా ఉండలేం. మార్చి 24న జనం అసలు బయటికే రాలేదు. దుకాణాలు తెరవలేదు, వీధులు బోసిపోయాయి. ఇంట్లో కూర్చోవడాన్ని నేరమనడానికి సైన్యానికి కొంతకాలం పట్టింది. 2022 ఫిబ్రవరి 1న మళ్లీ అలాంటి సమ్మె చేయబోతుంటే మాత్రం, దుకాణం మూస్తే ఉగ్రవాద నిరోధక చట్టం పెడతాం, ఆస్తి జప్తు చేస్తాం అని ముందే హెచ్చరించింది.

ఇలాంటి నిరాకరణకు బర్మాలో పాత మూలాలున్నాయి. 2007 ఆగస్టులో ఇంధనం ధరలు ఒక్కసారి పెంచినప్పుడు భిక్షువులు వీధుల్లోకొచ్చారు. పకొక్కు పట్టణంలో సైనికులు వాళ్లను కొట్టారు. సైన్యం క్షమాపణ చెప్పాలని భిక్షువులు పెట్టిన గడువు సెప్టెంబరు 17తో ముగిసింది, జవాబు రాలేదు. అప్పుడు భిక్షు సంఘం తన చేతిలో ఉన్న ఏకైక ఆయుధం తీసింది. సైనికాధికారుల నుంచి, వాళ్ల కుటుంబాల నుంచి భిక్ష తీసుకోబోమని పాత్రల్ని బోర్లించారు. పాలీలో దాన్ని పత్తనిక్కుజ్జన కమ్మ అంటారు. అన్నం పెట్టి పుణ్యం కట్టుకునే అవకాశం లేకుండా చేయడమన్నమాట. ఏ శిక్షాస్మృతిలోనూ అది నేరం కాదు. కానీ బౌద్ధుడైన జనరల్‌కు అది జైలుకన్నా పెద్ద శిక్ష. ఆ నెలాఖరుకు తుపాకులు ఆ ఉద్యమాన్ని అణిచేశాయి, అదీ నిజమే.

మూడో ప్రశ్న గురించి ఉద్యమ అభిమానులు అంతగా మాట్లాడరు. సమ్మెలో చేరనివాళ్ల సంగతేమిటి? సీడీఎంలో ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని సమాజం రెండుగా చీలింది. 2021 మే నాటికి ఉపాధ్యాయ సంఘం లెక్కలో దేశంలోని నాలుగు లక్షల ముప్పై వేల మంది టీచర్లలో 1,25,000 మందికి పైగా సస్పెండయ్యారు. అంటే చాలామంది టీచర్లు ఏదో ఒక కారణంతో ఉద్యోగంలో ఉన్నారు. సామాజిక శిక్ష పేరుతో సైనికాధికారుల పిల్లలు ఏ దేశంలో ఏ కాలేజీలో చదువుతున్నారో, బంధువుల వ్యాపారాలేమిటో ఫేస్‌బుక్‌లో జాబితాలు పెట్టారు. సైన్యానికి డబ్బు చేరే దుకాణం సరుకు కొనకపోవడం వేరు, జనరల్ కూతురని ఇరవయ్యేళ్ల విద్యార్థిని ఫొటో, చిరునామా పెట్టడం వేరు. మొదటిది నిరాకరణ. రెండోది మొగోక్‌లో సైన్యం చేసిన పనికి చిన్న నకలు: చేసినవాడిని వదిలి అతని రక్తసంబంధీకుల్ని పట్టుకోవడం. ఇది చెప్పడానికి ఉద్యమ ద్రోహి కానక్కర్లేదు.

సమ్మె చేసేవాడికి, సమ్మెలో ఖాళీ అయిన చోట నిలబడేవాడికి మధ్య పుట్టే ద్వేషం ఎంతదూరం వెళ్తుందో రంగూన్ (ఇప్పటి యాంగోన్) రేవుకు తెలుసు. అందులో తెలుగువాళ్ల రక్తం ఉంది. 1930 మేలో రేవులో సరుకు మోసే కోరంగీలు, అంటే మన తీరం నుంచి వెళ్లిన తెలుగు కూలీలు, కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీల్ని తెచ్చుకున్నారు. సమ్మె పరిష్కారం కాగానే వాళ్లను పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట రోజుల తరబడి నగరమంతా సాగింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది కూలికి వెళ్లిన తెలుగువాళ్లే. కూలి తక్కువిచ్చిన కంపెనీలకు గీత కూడా పడలేదు. అది కూలి సమ్మే గాని శాసనోల్లంఘన కాదు. అయినా అడుగున ఉన్న ఇద్దరిని ఒకరి మీదికొకరిని ఉసిగొల్పే లెక్క మాత్రం మారలేదు. సీడీఎం టీచరు ఖాళీ చేసిన కుర్చీలోకి తక్కువ చదువుకున్న పిల్లను నెలజీతానికి తెచ్చి కూర్చోబెట్టడం సైనిక ప్రభుత్వానికి రెండు విధాల లాభం: బడి తెరిచి ఉన్నట్టు కనిపిస్తుంది, జనం కోపం ఆ పిల్ల మీదికి మళ్లుతుంది. కొన్నాళ్లకు సైన్యం పెట్టిన పేట పరిపాలకుల్ని, ఇన్‌ఫార్మర్లన్న అనుమానం పడ్డవాళ్లను ఉద్యమం వైపువాళ్లు కాల్చి చంపడం మామూలైంది. వాళ్లలో నిజంగా ఇన్‌ఫార్మర్లు ఎందరో, పాత కక్షలకు బలైనవాళ్లెందరో తేల్చే కోర్టు అవతలివైపు ఎలా లేదో ఇవతలివైపూ అలాగే లేదు.

ఇక్కడ మన పెదనందిపాడు గుర్తుకు రాకపోదు. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వంలో శిస్తు కట్టబోమన్నారు. కరణాలు, మునసబులు రాజీనామాలు చేశారు. పద్దు రాసేవాడు, వసూలు చేసేవాడు లేక సర్కారు యంత్రం నిలిచిపోయింది. పద్ధతిలో అది సీడీఎంకు పెద్దన్న. తేడా ముగింపులో ఉంది. గాంధీ సలహా, ఆంధ్ర కాంగ్రెస్ నిర్ణయంతో 1922 ఫిబ్రవరిలో అది ఆగింది, రైతులు శిస్తు కట్టారు. ఆపడం తప్పో ఒప్పో ఇప్పటికీ వాదించుకోవచ్చు. కానీ ఆపమనగల మనిషి, ఆపినందుకు జవాబు చెప్పాల్సిన మనిషి ఉన్నారు. సీడీఎంకు అలాంటి నాయకుడు లేడు. తల లేని ఉద్యమాన్ని తల నరికి చంపలేరు, అది దాని బలం. ఇకచాలని ఎవరూ చెప్పలేకపోవడం దాని బలహీనత. రెండేళ్లు జీతం లేకుండా గడిపి, అప్పుల పాలై, తిరిగి ఉద్యోగంలో చేరదామా అనుకునే గుమాస్తా ఎవర్ని అడగాలి? అతనికి మినహాయింపు ఇచ్చేవాళ్లు లేరు, అందుకే ప్రతి పొరుగువాడూ అతనికి జడ్జి అయ్యాడు.

ఆయుధాల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు, అది వేరే వ్యాసం. 2021 మార్చి 27న సైనిక దినోత్సవం నాడు ఒక్కరోజే వందమందికి పైగా చంపారు. ఏప్రిల్‌లో బగో పట్టణంలో ఎనభైమందికి పైగా పోయారు. అదే నెలలో సైన్యానికి పోటీగా జాతీయ ఐక్యతా ప్రభుత్వం ఏర్పడింది, మేలో దాని సాయుధ విభాగంగా ప్రజా రక్షణ దళాలు వచ్చాయి, సెప్టెంబరు 7న సైన్యం మీద యుద్ధం ప్రకటించారు. 1900 నుంచి 2006 వరకు జరిగిన 323 ఉద్యమాల్ని పరిశీలించిన ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్‌లు అహింసాత్మక ఉద్యమాలు సగానికి పైగా గెలిచాయని, సాయుధమైనవి నాలుగింట ఒకటి మాత్రమే గెలిచాయని తేల్చారు. ఈ లెక్క విధానం నిర్ణయించేవాళ్లకు పనికొస్తుంది. బగోలో అన్న శవం కోసం డబ్బు అడిగించుకున్న తమ్ముడికి దాన్ని చూపించి అహింస బోధించడం మాత్రం మొరటు పని. అతను ఆయుధం పట్టడం వివేకమా కాదా అన్నది ఒక ప్రశ్న, పట్టే హక్కు ఉందా లేదా అన్నది ఇంకోటి. మొదటిదానికి చర్చ ఉంది. రెండోదాన్ని కాదనడం కష్టం.

ఇన్‌సీన్‌లో 2022 జులైలో నలుగురిని ఉరితీశారు. వారిలో 1988 విద్యార్థి ఉద్యమ నాయకుడు కో జిమ్మీ, ర్యాప్ గాయకుడు, మాజీ ఎంపీ ఫ్యో జెయా థా ఉన్నారు. దేశంలో మూడు దశాబ్దాల తర్వాత అమలైన మరణశిక్షలవి. కుటుంబాలకు ముందుగా చెప్పలేదు, శవాలూ ఇవ్వలేదు. అహ్మదాబాద్‌లో ముద్దాయి, జడ్జి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకున్న ఆ తీరు ఇక్కడ ఊహకు కూడా అందదు. శిక్షను స్వీకరించడం ఒక సంభాషణ అనుకుంటే, ఇక్కడ రెండోవైపు ఎవరూ లేరు. దాక్కోవడం, పారిపోవడం, పేరు మార్చుకోవడం ఇలాంటిచోట ఉద్యమ ధర్మానికి మచ్చ కావు.

అయితే పారిపోవడం కూడా నిర్దోషంగా ఉండని రోజు వచ్చింది. 2024 ఫిబ్రవరి 10న సైనిక ప్రభుత్వం 2010 నాటి నిర్బంధ సైనిక సేవా చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు, 18 నుంచి 27 ఏళ్ల ఆడవాళ్లు దాని పరిధిలోకొస్తారు. ఏప్రిల్‌లో మొదటి బ్యాచ్ శిక్షణ మొదలైంది, ఒక్కో బ్యాచ్‌కు ఐదువేల మంది చొప్పున. ఇప్పటిదాకా చెప్పుకున్న లెక్కలో, ప్రజల్ని చంపే సైన్యంలో చేరననడం కంటే స్పష్టమైన శాసనోల్లంఘన ఉండదు. కానీ ఆ చట్టాన్ని పేటలవారీగా, ఊరివారీగా కోటాలు పెట్టి అమలు చేశారు. పేట పరిపాలకుడు జాబితా రాస్తాడు, చాలాచోట్ల చీట్లు తీస్తారు. పాస్‌పోర్టు, ఏజెంటుకివ్వడానికి డబ్బు ఉన్న కుర్రాడు థాయిలాండ్ వెళ్లిపోతే జాబితాలో ఖాళీ అలాగే ఉండదు. పక్కవీధిలో సైకిల్ రిపేరు చేసుకునే కుర్రాడి పేరు అందులోకి ఎక్కుతుంది. డబ్బు తీసుకుని ఒకరి బదులు ఇంకొకరు వెళ్లడం కూడా మొదలైంది. పారిపోయిన కుర్రాడు తప్పు చేశాడని ఎవరూ అనలేరు. సైకిల్ షాపు కుర్రాడి తల్లికి మాత్రం అతనిల్లు ఏదో తెలుసు. ఆమెకు ఏం జవాబు చెప్పాలన్నది ఆ రెండు కుటుంబాల మధ్య తేలాల్సిన విషయం. కొన్ని పేటల్లో అంతా చందాలేసుకుని అందరి పేరూ కొట్టేయించేందుకు లంచం కడుతున్నారు. ఆ లంచం చివరికి సైన్యం జేబులోకే పోతుందని కట్టేవాళ్లకు తెలియక కాదు.